హైకోర్టు ‘మా పరిధి కాదు’ అంది... మరి స్థలం ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా నాన్నగారు 1981లో రిజిస్టర్డ్ దస్తావేజుతో 38 సెంట్ల స్థలం కొన్నారు. ఉద్యోగాల వల్ల మేం వేరే ఊళ్లలో ఉండగా 2011లో మా పెదనాన్నగారి అబ్బాయి అందులో రేకుల షెడ్డు వేశాడు. నాన్నగారే తనకు అమ్మారంటూ ఒక కాగితం చూపించాడు. 2016లో సబ్ కోర్టులో హక్కు ప్రకటించి స్వాధీనం ఇప్పించమని దావా వేశాం. దావా విలువ 8,40,000 రూపాయలు. కేసు నడుస్తుండగానే నాన్నగారు పోయారు. అమ్మ, నేను, చెల్లెలు ఆయన వారసులుగా చేరాం. 2023 జూన్ 14న, హద్దులు రుజువు కాలేదంటూ దావా కొట్టేశారు. స్థలం ఇప్పుడు కోట్లు చేస్తుంది కాబట్టి నేరుగా హైకోర్టుకే వెళ్లాలని మా ప్లీడరు గారు చెప్పారు. సెప్టెంబర్ 4న అప్పీలు వేశాం. రెండేళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ 22న, ఈ అప్పీలు వినే పరిధి తమకు లేదంటూ హైకోర్టు దాన్ని డిస్మిస్ చేసింది. చట్టప్రకారం తగిన కోర్టుకు వెళ్లవచ్చని ఆఖర్లో ఒక్క వాక్యం రాసింది. ‘హైకోర్టు కూడా నాకే ఇచ్చింది’ అని మా అన్న ఊరంతా చెబుతున్నాడు. ప్లాట్లు వేయడానికి రాళ్లు కూడా తెప్పించాడు. మేం ఓడిపోయినట్టేనా? గడువు దాటిపోయిందా? సుప్రీంకోర్టుకు వెళ్లాలా? కట్టిన కోర్టు ఫీజు పోయినట్టేనా?

— ఒక పాఠకుడు

సమాధానం: మీరు ఓడిపోయింది సబ్ కోర్టులో. హైకోర్టులో మీరు ఓడలేదు, మీ అన్న గెలవలేదు. ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్న జోలికే హైకోర్టు వెళ్లలేదు. ఉత్తర్వు నకలు మొత్తం చదివాను. దస్తావేజు గురించి గానీ, మీ అన్న చూపించిన కాగితం గురించి గానీ ఒక్క ముక్క లేదు. పరీక్ష వేరే సెంటర్లో రాశారు కాబట్టి పేపరు దిద్దకుండానే వెనక్కి ఇచ్చారు, అంతే. ‘హైకోర్టు నాకే ఇచ్చింది’ అని ఎవరైనా మీ ముఖాన అంటే వాదన పెట్టుకోకండి. ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చివరి పేరా చూపించండి చాలు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. ఒకసారి తేలిన వివాదాన్ని మళ్లీ తోడకూడదనేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్. కానీ ఆ అడ్డు రావాలంటే, పరిధి ఉన్న కోర్టు విషయాన్ని విని అంతిమంగా తేల్చి ఉండాలి. మీ అప్పీలు విషయంలో ఆ రెండూ జరగలేదు.

అయితే కంగారు పడాల్సింది వేరే దాని గురించి. అది రోజుల లెక్క. మీ ఉత్తరం మీద తేదీ నవంబర్ 3. అంటే హైకోర్టు ఉత్తర్వు వచ్చి అప్పటికే ఆరు వారాలు. అన్నగారి మాటల మీద మీరు రెండు పేజీలు రాశారు, ఈ ఆరు వారాల్లో ఏం చేశారో ఒక్క వరుస కూడా రాయలేదు. రేపు జిల్లా జడ్జి మిమ్మల్ని మొదట అడిగేది అదే.

ముందు పొరపాటు ఎక్కడ జరిగిందో చూద్దాం. అది అర్థమైతే మిగతావి వాటంతటవే తేలతాయి.

స్థలం కోట్లు చేస్తుంది కాబట్టి హైకోర్టే అనడం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అప్పీలు ఎక్కడ వేయాలో తేల్చేది నేటి బజారు ధర కాదు, ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, మీరు వేసుకున్న దావా విలువ. హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ అడిగే దావాలో మార్కెట్ విలువలో నాలుగింట మూడొంతుల మీద కోర్టు ఫీజు కట్టాలని 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం అంటుంది. మీ ప్లెయింటు ఆఖరి పేజీల్లో వాల్యుయేషన్ పేరా చూడండి. 2016లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చిన మార్కెట్ విలువ పత్రం ప్రకారం 11,20,000. అందులో మూడొంతులు 8,40,000. ఈ కేసు బతికున్నంత కాలం దాని విలువ అదే. పక్కన బైపాస్ రోడ్డు పడినా, సెంటు ధర పదింతలైనా మారదు. సీనియర్ సివిల్ జడ్జి (సబ్ కోర్టు) తీర్పు మీద అప్పీలు జిల్లా కోర్టుకా, హైకోర్టుకా అన్నది ఆ విలువను బట్టి 1972 నాటి సివిల్ కోర్టుల చట్టం 17వ సెక్షన్ తేలుస్తుంది. ఆ పరిమితులు సవరణలతో పెరుగుతూ వచ్చాయి. 8,40,000 విలువకు మీ అప్పీలు గుంటూరు జిల్లా కోర్టుకే వెళ్లాలి.

‘రిజిస్ట్రీ ఏ.ఎస్. నంబరు (అప్పీలు నంబరు) ఇచ్చింది కదా, అవతలివాళ్లు కూడా రెండేళ్లు నోరెత్తలేదు కదా’ అని మీ ఉత్తరంలో అడిగారు. న్యాయమైన ఉక్రోషమే. కానీ అప్పీలు వినే అధికారం చట్టం ఇస్తేనే కోర్టుకు వస్తుంది, పార్టీలు ఒప్పుకున్నంత మాత్రాన రాదు. 1954 నుంచి సుప్రీంకోర్టు ఈ మాట అంటూనే ఉంది. దావా మొదట వేసిన కోర్టు విషయంలో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ సెక్షన్ ఉంది. విలువ పరిధి మీద అభ్యంతరం మొదట్లోనే లేవదీయకపోతే తర్వాత పైకోర్టులో చెల్లదు. ఆ వెసులుబాటు దావాకే, మీ అప్పీలుకు పనికిరాదు. అయినా ఆ నంబరు, ఆ రెండేళ్ల మౌనం వృథా కావు. మీరు చిత్తశుద్ధితోనే అక్కడికి వెళ్లారని చూపించడానికి అవి బాగా పనికొస్తాయి.

ఒక విషయంలో మీరు అదృష్టవంతులే. దావా వేసిన సబ్ కోర్టు సరైనదే, తప్పింది అప్పీలు మాత్రమే. అందువల్ల 2016 తేదీ చెక్కుచెదరలేదు. స్వాధీనం కోసం వేసే దావాకు 12 ఏళ్ల గడువు, ఆక్రమణ 2011లో, మీరు ఐదేళ్లకే కోర్టుకెక్కారు. దావాయే తప్పు కోర్టులో పడి ఉంటే కథ వేరుగా ఉండేది. ప్లెయింటు వాపసు తీసుకుని సరైన కోర్టులో వేసుకోవాలి, అక్కడ విచారణ మళ్లీ మొదటి నుంచి జరగాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షులందరూ మళ్లీ బోనెక్కాలి. ఇన్నేళ్ల తర్వాత ఎంతమంది ఉంటారు, ఉన్నవాళ్లకు ఎంత గుర్తుంటుంది?

ఇక గడువు. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

హైకోర్టులో మొదటి అప్పీలుకు 90 రోజులు. జిల్లా కోర్టులో 30 రోజులే. మీరు పంపిన సబ్ కోర్టు తీర్పు నకలు చివరి పేజీ వెనక్కి తిప్పండి. వరుసగా ముద్రలు ఉంటాయి. దరఖాస్తు జూన్ 16, నకలు తయారు జూలై 10. ఆ 25 రోజులు గడువులోంచి తీసేయాలని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. తీర్పు రోజు వదిలేసి జూన్ 15 నుంచి సెప్టెంబర్ 4 దాకా 82 రోజులు. అందులో 25 పోతే 57. హైకోర్టు లెక్కలో మీరు హాయిగా గడువులో ఉన్నారు. జిల్లా కోర్టు లెక్కలో హైకోర్టు గుమ్మం తొక్కేనాటికే 27 రోజులు ఆలస్యం.

చాలామంది ప్లీడర్లు కూడా ఇక్కడే జారతారు. ‘హైకోర్టులో గడిచిన కాలం మినహాయించండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అది మధ్య కాలానికే సరిపోతుంది. ముందున్న 27 రోజులకూ, హైకోర్టు ఉత్తర్వు తర్వాత మీరు జిల్లా కోర్టులో కాగితాలు పెట్టే రోజు దాకా ఉన్న కాలానికీ విడివిడిగా కారణం చెప్పాలి. మొదటి 27 రోజులకు కారణం నిజాయితీగా ఉన్నదే. 90 రోజులు ఉందని ప్లీడరు గారు చెప్పారు, మీరు నమ్మారు. మధ్య రెండేళ్లకు అదే లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ సూత్రం ఉంది. పరిధి లేని కోర్టులో చిత్తశుద్ధితో, శ్రద్ధగా నడిపిన కాలాన్ని లెక్కలోంచి తీసేయమంటుంది ఆ సెక్షన్. నిజానికి అది దావాలకు, దరఖాస్తులకు రాసినది, అప్పీళ్లకు నేరుగా వర్తించదు. అందుకే మీ పిటిషన్ ఆలస్యం మన్నించమని అడిగే 5వ సెక్షన్ కింద ఉండాలి, 14లోని సూత్రాన్ని అందులో తగిన కారణంగా చూపాలి. 14 కిందనే పిటిషన్ వేసేస్తే, అవతలి ప్లీడరు మొదటి వాయిదాలోనే లేచి అది చెల్లదంటాడు.

మూడో ముక్క, సెప్టెంబర్ 22 తర్వాత కాలం, మీ చేతుల్లోనే ఉంది. హైకోర్టు నకలు కోసం ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, ఎప్పుడు వచ్చింది, పాత ఫైలు ప్లీడరు గారి నుంచి ఎప్పుడు చేతికొచ్చింది, ఇవన్నీ తేదీలతో రాయండి. ఆలస్యం మన్నించే విషయంలో కోర్టులు ఉదారంగా ఉండాలని, ప్రతి రోజుకూ సంజాయిషీ అంటూ చాదస్తం పనికిరాదని 1987లో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పును ప్రతి పిటిషన్‌లోనూ ఉదహరిస్తారు. కానీ తప్పు కోర్టు అని తెలిశాక కూడా నింపాదిగా కూర్చున్నవాళ్ల మీద ఆ ఉదారత చూపించే జడ్జి అరుదు. ఈ సమాధానం చదివిన వారంలో కాగితాలు కోర్టులో పడాలి.

అఫిడవిట్ గురించి ఒక మాట. మన కోర్టుల్లో ఆలస్యం అనగానే పచ్చకామెర్లు వస్తాయి. నాటు వైద్యం, బెడ్ రెస్ట్, ఒక డాక్టరు సర్టిఫికెట్. జడ్జీలకు ఆ కామెర్లు కంఠతా వచ్చు. మీకు నిజమైన, కాగితం మీద చూపించగల కారణం ఉంది. దాన్ని వదిలేసి కామెర్ల జోలికి వెళ్లకండి. పాత ప్లీడరు గారిని ఒక చిన్న అఫిడవిట్ అడగండి, దావా విలువ విషయంలో తన సలహా వల్లే హైకోర్టులో వేశారని. ఆయన మీద మీకు కోపం ఉంది, ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. అఫిడవిట్, ఫైలు, వకాల్తా మార్పుకు నో అబ్జెక్షన్, ఈ మూడూ చేతికి వచ్చేదాకా ఆ కోపాన్ని కాస్త పక్కన పెట్టండి.

సుప్రీంకోర్టు సంగతి. 90 రోజుల్లో స్పెషల్ లీవ్ పిటిషన్ వేయవచ్చు. వేసి ఏం అడుగుతారు? పరిధి లేదని హైకోర్టు చెప్పింది సరైనదే అయినప్పుడు ఢిల్లీ వెళ్లి సాధించేదేమీ ఉండదు. ఖర్చు అవుతుంది, పైగా ‘జిల్లా కోర్టుకు ఎందుకు వెళ్లలేదు’ అన్న ప్రశ్నకు జవాబు ఇంకా కష్టమవుతుంది. నా సలహా, వద్దు.

దానికి బదులు అదే హైకోర్టులో ఒక చిన్న పని ఉంది. పరిధి లేదనుకున్న అప్పీలును డిస్మిస్ చేయడం కంటే, సరైన కోర్టులో వేసుకోమని మెమోరాండం (అప్పీలు పత్రం) వాపసు ఇవ్వడం మామూలు పద్ధతి. ప్లెయింటు వాపసు గురించి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 10 చెప్పేదాన్ని అప్పీళ్లకూ అన్వయిస్తారు. మీ ఉత్తర్వులో ‘డిస్మిస్డ్’ అని పడింది. ‘ఫర్ బీయింగ్ మెన్షన్డ్’ కింద, అంటే ఇచ్చేసిన ఉత్తర్వులో చిన్న సవరణ కోసం, అదే బెంచి ముందు పెట్టించి, అప్పీలు కాగితాలు వాపసు ఇచ్చేలా ఉత్తర్వు సవరించమని మీ హైకోర్టు న్యాయవాది అడగవచ్చు. కోర్టు ఫీజు మీద మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వాపసు వస్తే ఫీజు కట్టిన ఆ మెమోరాండంనే జిల్లా కోర్టులో దాఖలు చేసుకునే వీలుంటుంది. డిస్మిస్ అని అలాగే ఉంటే మళ్లీ కట్టాల్సి రావచ్చు. కానీ ఈ సవరణ వచ్చేదాకా జిల్లా కోర్టు పని ఆపకండి. ఫీజు కోసం చూసుకుంటూ రోజులు పోగొట్టుకుంటే స్థలమే పోతుంది.

రాళ్లు దింపిన సంగతికి వద్దాం. ఇది కాస్త చిక్కు. ఆలస్యం మన్నించేదాకా మీ అప్పీలు ఎస్.ఆర్. అనే తాత్కాలిక నంబరు మీదే ఉంటుంది, అసలు నంబరు పడదు. గడువు దాటిన అప్పీళ్లలో ఆలస్యం పిటిషన్ తేలకుండా డిక్రీ అమలు మీద స్టే ఇవ్వకూడదని ఆర్డర్ 41 రూల్ 3ఏ అంటుంది. మీ విషయంలో దావా కొట్టేశారు కాబట్టి స్టే చేయడానికి అమలు చేయాల్సిన డిక్రీయే లేదు, మీకు కావాల్సింది ఎక్కడిదక్కడ ఉంచమనే ఉత్తర్వు. ఆలస్యం పిటిషన్‌తో పాటే యథాతథ స్థితి కోరుతూ సివిల్ ప్రొసీజర్ కోడ్ 151వ సెక్షన్ కింద ఒక ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేయించండి. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జి గారి ఇష్టం. రాళ్లు, షెడ్డు, ప్లాట్ల ముగ్గు, అన్నీ తేదీ పడేలా ఫోటోలు తీసి జత చేయండి. అత్యవసరం అని కాగితం మీద కనిపిస్తేనే ఆలస్యం పిటిషన్ కూడా త్వరగా వినమని అడగడానికి మొహం ఉంటుంది. ‘నన్ను వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దు’ అని మీ అన్న ఇప్పటికే కేవియట్ వేసి ఉంటాడనుకోండి, ఉత్తర్వు ఇచ్చేముందు అతన్నీ వింటారు. దానికి భయపడక్కర్లేదు.

ఈలోగా ఎవరైనా ప్లాటు కొంటే? ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ఉంది. కేసులో ఉన్న స్థలాన్ని కొన్నవాడు ఆ కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే, తెలియదన్నా చెల్లదు. అప్పీలు దావాకు కొనసాగింపే. అయినా కొన్నవాళ్లు పెరిగేకొద్దీ మీరు కోర్టుకు లాగాల్సిన మనుషులూ పెరుగుతారు. రెండు తెలుగు దినపత్రికల్లో సర్వే నంబరుతో, హద్దులతో ప్రకటన ఇవ్వండి. అక్కడ ఇల్లు కట్టుకుందామనుకునే మామూలు మనిషికి ఆ ప్రకటన చాలు, వెనక్కి తగ్గుతాడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి లాభం లేదు, సివిల్ వివాదం అని పంపించేస్తారు. రాళ్లు పీకడానికి మీరే వెళ్లకండి, మీ మీదే క్రిమినల్ కేసు పడుతుంది.

మీ ఉత్తరంలో మీరు అడగనిది ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. సబ్ కోర్టులో మీరు ఎందుకు ఓడిపోయారు? హద్దులు రుజువు కాలేదని. తీర్పు 19వ పేరా చదవండి. దస్తావేజులో తూర్పు హద్దు ‘పంట బోదె’ అని ఉంది, ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు ఉంది. బోదె పోయి రోడ్డు ఎప్పుడు వచ్చిందో చెప్పిన సాక్షి ఒక్కరూ లేరు. సర్వేయరుతో కొలిపించడానికి, కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని మీ వైపు నుంచి ఎవరూ అడగలేదు. ఇదే లోటుతో జిల్లా కోర్టుకు వెళితే అదే ఫలితం వస్తుంది. అప్పీలులోనే ఆర్డర్ 26 రూల్ 9 కింద కమిషనర్ కోసం, ఆర్డర్ 41 రూల్ 27 కింద ఎఫ్.ఎం.బి. పటం (సర్వే కొలతల పటం), పంచాయతీ రోడ్డు రికార్డు అదనపు సాక్ష్యంగా తీసుకోమని పిటిషన్లు వేయాలి. రెండోది సులువుగా ఇవ్వరు. కింది కోర్టులో ఎందుకు పెట్టలేకపోయారో చెప్పాలి. మీ నాన్నగారికి తెలిసిన సంగతులు ఆయనతోనే పోయాయి, మీరు బయట ఊళ్లలో ఉన్నారు. ఇది కల్పించిన కారణం కాదు కదా, అదే రాయండి.

వాస్తవాలు తేల్చడంలో జిల్లా కోర్టే ఆఖరి మెట్టు అనుకోండి. ఆ తర్వాత సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద హైకోర్టుకు రెండో అప్పీలు ఉంటుంది గానీ, అక్కడ ముఖ్యమైన న్యాయసూత్రం ఇమిడి ఉంటేనే వింటారు, బోదె ఎక్కడుందో చూడరు. మరోవైపు, హైకోర్టే మీ మొదటి అప్పీలు విని కొట్టేసి ఉంటే రాష్ట్రంలో మీకు ఇంకో అప్పీలు మిగిలేది కాదు. ఇప్పుడు జిల్లా కోర్టు, దాని తర్వాత అదే హైకోర్టు, రెండూ మీ ముందున్నాయి. రెండేళ్లు పోయినా ఒక మెట్టు మిగిలింది.

వకాల్తా మీద మీ ఒక్కరి సంతకం చాలదు. అమ్మగారు, చెల్లెలుగారు కూడా అప్పీలుదారులుగా ఉండాలి. చెల్లెలుగారు అమెరికాలో ఉన్నారన్నారు. ఆవిడ సంతకానికి లేదా పవర్ ఆఫ్ అటార్నీకి టైం పడుతుంది, ఆ పని ఇవాళే మొదలుపెట్టండి. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ముందు మీరూ అమ్మగారూ అప్పీలు వేసి, ఆవిడను ప్రతివాదుల్లో చూపించి, సంతకం వచ్చాక మార్చుకోవచ్చు.

మీ మేనమామగారు పెద్దమనుషుల్లో కూర్చోబెడతానంటున్నారని రాశారు. కూర్చోండి, కానీ అప్పీలు కాగితాలు కోర్టులో పడ్డాక. ఇప్పుడు కూర్చుంటే ‘నీకు కేసే లేదు కదా’ అనే మాటతోనే బేరం మొదలవుతుంది. మాట కుదిరితే తెల్లకాగితం మీద రాసుకుని లేవకండి, లోక్ అదాలత్‌లో అవార్డుగా చేయించుకోండి. దాని మీద అప్పీలు ఉండదు, డిక్రీలాగే అమలవుతుంది. అక్కడ కూడా ముగ్గురి సంతకాలూ కావాలి.